ఏకాగ్రత ఎవరి పక్షం?

తుపాకీ ఆటలు పోటీగా ఆడేవాళ్లలో చాలామందికి ఇప్పుడు అసలు ఆటకు ముందు మరో ఆట ఉంటోంది. దాన్ని ఎయిమ్ ట్రైనర్ అంటారు. 2018లో స్టీమ్‌లోకి వచ్చిన కోవాక్స్, ఎయిమ్ ల్యాబ్ వీటిలో బాగా పేరున్నవి. వీటిలో కథ లేదు, శత్రువు లేడు, గెలిపించాల్సిన జట్టూ లేదు. ఖాళీ గోడ మీద బంతులు మొలుస్తాయి, మౌస్ కదిపి వాటిని పేల్చాలి. ఎయిమ్ ల్యాబ్‌లోని గ్రిడ్‌షాట్ అనే అభ్యాసంలో ఒకేసారి మూడు బంతులుంటాయి. ఒకటి పోతే ఇంకోచోట ఇంకొకటి పుడుతుంది. 60 సెకన్లు గడిచేసరికి స్కోరు తేలుతుంది. కదలని గురిని చటుక్కున కొట్టడం క్లిక్కింగ్, కదిలేదాన్ని వదలకుండా వెంబడించడం ట్రాకింగ్, ఒకదాని నుంచి మరోదానికి దూకడం టార్గెట్ స్విచింగ్. ఆటలోని మిగతాదంతా ఒలిచేసి చేతినీ కంటినీ మాత్రమే మిగిల్చారన్నమాట. దీన్ని రోజూ సాధన చేసేవాళ్లలో కొందరు ఇది తమకు ధ్యానం లాంటిదని చెబుతారు. మనసు ఒక్క బిందువు మీద నిలుస్తుంది, కాలం తెలియదు, ‘నేను’ అన్న స్పృహ కాసేపు కరుగుతుంది. ఆ అనుభవాన్ని కాదనలేం. కానీ దాని వెనక ఒక పాత ప్రశ్న ఉంది. మనసు ఒకచోట నిలవడం దానంతట అదే మంచిదా? ఏకాగ్రత పెరిగితే మనిషిలో వివేకం కూడా పెరుగుతుందా? పెరగదనీ, ఆ రెండూ వేర్వేరు శక్తులనీ మన సంప్రదాయం చాలాకాలంగా చెబుతూనే ఉందనీ, ఎయిమ్ ట్రైనర్ ఆ సంగతిని కంటికి కనబడేలా చేసిందనీ నా వాదన.

ఏకాగ్రత అనగానే మనకు గుర్తొచ్చే కథ ద్రోణుడు పెట్టిన పరీక్ష. లోకంలో ఆ పరీక్షలోని గురి పిట్ట కన్నుగా ప్రచారమైంది. సంస్కృత భారతం ఆదిపర్వంలో అర్జునుడికి కనబడింది పక్షి తల. ఇంకో వివరాన్ని మనం తరచు మరిచిపోతాం: అది ప్రాణమున్న పక్షి కాదు, శిల్పుల చేత చేయించి చెట్టు కొమ్మకు పెట్టించిన బొమ్మ. అంటే అది అచ్చంగా సాధన కోసం తయారైన గురి. కొడితే ఎవరూ చావరు, తప్పితే ఎవరికీ నష్టం లేదు. ఆ పరీక్షలో ముందుగా తప్పినవాడు ధర్మరాజు. ఏం కనిపిస్తోందని గురువు అడిగితే చెట్టు, గురువు, తమ్ములు, పక్షి అన్నీ కనిపిస్తున్నాయన్నాడు. బాణం వేసే అర్హత లేదని ద్రోణుడు పక్కన పెట్టేశాడు. విలువిద్య గురువుగా ఆయన తీర్పు సరైనదే. అయితే అరణ్యపర్వంలో యక్షుడి కొలను దగ్గర లెక్క తిరగబడింది. కనబడకుండా హెచ్చరించిన గొంతు మీదికి, ధ్వనిని బట్టి గురిచూసి, అర్జునుడు బాణాలు కురిపించాడు. ఆ తర్వాత ఆ మాట లక్ష్యపెట్టకుండా నీళ్లు తాగి పడిపోయాడు. ధర్మరాజు మాత్రం ఆగాడు, విన్నాడు, అడిగినవాటికి జవాబులు చెప్పాడు, తమ్ములను బతికించుకున్నాడు. చెట్టూ గురువూ తమ్ములూ అందరూ ఒకేసారి కనబడే ఆ చూపే ఒకచోట అనర్హత, మరోచోట దిక్కు. ఏ పనికి ఏ చూపు కావాలో చూపు తనంతట తాను చెప్పలేదు.

దశరథుడి కథ ఇంకా కఠినమైన సాక్ష్యం. రామాయణం అయోధ్యాకాండలో ఆయన శబ్దవేధి, కంటితో చూడకుండా ధ్వనిని బట్టి కొట్టగల విలుకాడు. యౌవనంలో ఆ పేరంటే ఆయనకు గర్వం కూడా. చీకట్లో సరయూ ఒడ్డున కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. విద్యగా చూస్తే ఆ బాణంలో లోపం లేదు. గురి తప్పలేదు కనుకనే ఆ మునికుమారుడు చనిపోయాడు. దశరథుడి చేయి తడబడి ఉంటే అనర్థం జరిగేదే కాదు. కొట్టగలగడం ఒక విద్య, అక్కడున్నది ఏమిటో తెలుసుకునేదాకా ఆగడం ఇంకో విద్య అని ఈ కథ చెబుతుంది. మొదటిది ఎంత పెరిగినా రెండోది రాకపోగా, మొదటిదాని మీది ధీమా రెండోదాన్ని తొందరపెట్టి పక్కకు నెట్టేయవచ్చు.

ఇతిహాసాలు అలా అన్నాయి సరే, ప్రయోగాలు ఏమంటున్నాయి? ఒక పనిలో మనసుకు పదును పెడితే అది మిగతా పనులకూ పనికొస్తుందన్న నమ్మకాన్ని మనస్తత్వవేత్తలు థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే పరీక్షించారు. దీర్ఘచతురస్రాల వైశాల్యం అంచనా వేయడంలో ఆరితేరినవాళ్లకు ఆ నేర్పు వేరే ఆకారాల దగ్గర పెద్దగా అక్కరకు రాలేదు. రెండు పనుల్లో ఉమ్మడి అంశాలు ఎంత ఉంటే అంతే నేర్పు బదిలీ అవుతుందని వాళ్లు తేల్చారు. 1973లో ఛేజ్, సైమన్ చదరంగం మీద చేసిన పరిశీలనా ఇటే చూపుతుంది. నిజమైన ఆటలోని స్థితిని కొన్ని సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అతడి చూపులోని పదునంతా ఆటకున్న అర్థంలో ఉంది, అర్థం తీసేస్తే పదును కూడా పోయింది. దీనికి ఎదురు సాక్ష్యంగా 1994లో గోఫర్ బృందం ప్రచురించిన ఫలితాన్ని చూపవచ్చు: స్పేస్ ఫోర్‌ట్రెస్ అనే కంప్యూటర్ ఆటతో శిక్షణ పొందిన ఇజ్రాయెల్ వైమానిక దళ విద్యార్థులు విమానం నడపడంలో మెరుగయ్యారు. కానీ ఆ శిక్షణలో వాళ్లు నేర్చింది ఒక బిందువును పట్టుకు వేలాడడం కాదు. ఒకేసారి మీదపడే ఎన్నో పనుల్లో ఎప్పుడు దేనికి ఎంత ధ్యాస ఇవ్వాలో నేర్చుకున్నారు. అంటే బదిలీ అయినది ఎంపిక చేసే శక్తి. ఎయిమ్ ట్రైనర్‌లో ఆ ఎంపికకు చోటు బహు తక్కువ, ఎందుకంటే చాలా అభ్యాసాల్లో కనబడిన ప్రతి బంతీ కొట్టవలసినదే. కౌంటర్ స్ట్రైక్ లాంటి అసలు ఆటలోనైతే బందీని కాల్చితే డబ్బు కోత పడుతుంది, సొంత జట్టువాడికీ గుండు తగులుతుంది, కాల్చకుండా నక్కి ఉండటమే కొన్నిసార్లు గెలిపిస్తుంది. కొట్టకూడని బంతులను కూడా ట్రైనర్‌లో పెట్టవచ్చు కదా అనవచ్చు. పెట్టినా, ఏది కొట్టకూడదో రంగు వేసి ముందే చెప్పాలి. దశరథుడి చీకట్లో ఆ రంగు లేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి యోగశాస్త్రం నుంచే వస్తుంది. మనసుకు నచ్చిన ఏ వస్తువు మీదైనా ధ్యానం నిలపవచ్చని పతంజలి ఒప్పుకున్నాడు. దీపశిఖ పనికొస్తే తెర మీది బంతి ఎందుకు పనికిరాదు? వస్తువును బట్టి ఆక్షేపించలేమన్నది నిజమే. అయితే పతంజలి వరుసను గమనించాలి. అష్టాంగాల్లో ధారణ ఆరోది. అహింస, సత్యంతో మొదలయ్యే యమనియమాలు దానికి ముందే ఉన్నాయి. చిత్తవృత్తులను నిరోధించడానికి అభ్యాసం ఒక్కటే చాలదని, వైరాగ్యం దానికి జంటగా ఉండాలని కూడా ఆయన అన్నాడు. బౌద్ధులు ఇంకా నిష్కర్షగా చెప్పారు. థేరవాద అభిధమ్మం లెక్కలో ఏకాగ్రత ప్రతి చిత్తంలోనూ ఉండే సాధారణ ధర్మం, కుశల చిత్తంలోనూ ఉంటుంది, అకుశల చిత్తంలోనూ ఉంటుంది. అందుకే అష్టాంగమార్గంలో ఉన్నది సమ్యక్ సమాధి. దానికి ఎదురుగా మిథ్యా సమాధి అనే మాట కూడా వాళ్లకుంది. దొంగకు ఏకాగ్రత లేకపోతే తాళం తెరుచుకోదు. ధ్యానాన్ని అంతగా సాధన చేసినవాళ్లే ఏకాగ్రతకు సుగుణమన్న పట్టం కట్టలేదు.

రెండో అభ్యంతరం మరింత సూక్ష్మం. బంతి కొడితే రాజ్యం రాదు, శత్రువు చావడు. ఏ ఫలమూ లేని పని కనుక ఇదే నిష్కామ కర్మకు దగ్గర కదా? వినడానికి బాగుంది. కానీ ఫలం అక్కడ లేకుండా పోలేదు, అంకెగా మారింది. ప్రతి నిమిషానికీ స్కోరు, నిన్నటితో పోలిక, ఇతరులతో పోలిక, కంచు, వజ్రం లాంటి పేర్లతో మెట్లు. లోకంలో పనికి ఫలం ఆలస్యంగా, అస్పష్టంగా వస్తుంది గనుక దాని నుంచి మనసు తీయడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ ఆ వ్యవధి కూడా లేదు. స్కోరు చూడకుండా, తొందర లేకుండా, కదలిక మీదే మనసు పెట్టి సాధన చేసేవాళ్లు ఉండవచ్చు. వాళ్ల సాధనకు విలువ ఇవ్వాల్సిందే. అయితే ఆ వైరాగ్యాన్ని వాళ్లే బయటినుంచి తెచ్చుకున్నారు, అభ్యాసం ఇచ్చింది కాదు.

ఇదంతా ఒక ఆట సాఫ్ట్‌వేర్ మీద మోపరాని బరువని ఎవరైనా అంటే, సగం ఒప్పుకుంటాను. ఎయిమ్ ట్రైనర్ మనుషులను హింసకు పురిగొల్పుతుందని నేననడం లేదు, అలా అనడానికి ఇక్కడ ఆధారమూ లేదు. గురి నేర్పుతానంది, గురే నేర్పుతోంది. ఆ మేరకు అది నిజాయితీగల పనిముట్టు, శ్రుతిపెట్టెను సంగీతం రాలేదని ఎవరూ నిందించరు. చిక్కల్లా ఆ పనిముట్టు ఇచ్చేదాన్నే మనిషి పరిపూర్ణతగా బోధించే దగ్గర ఉంది. మన తరగతి గదుల్లో పిట్ట కన్ను కథ చెప్పేవాళ్లు ర్యాంకు తప్ప మరేదీ కనబడకూడదని నీతి తీసి అక్కడితో ఆపేస్తారు. భారతం అక్కడ ఆగలేదు. పక్షి తల తప్ప వేరేదీ చూడని ఆ అర్జునుడే కురుక్షేత్రంలో రథాన్ని రెండు సేనల నడుమ నిలపమన్నాడు. తాతలనూ గురువులనూ బంధువులనూ చూశాడు, గాండీవం చేజారింది. అప్పుడు కృష్ణుడు అతన్ని మళ్లీ పక్షి తల చూడమనలేదు. ఆత్మ, కర్మ, భక్తి, జ్ఞానం అన్నీ వివరించి, చివరికి పూర్తిగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. గురి కుదిరినవాడికే ఆ ఉపదేశం అంత అవసరమైంది, ఎందుకంటే అతడు వేసే బాణం తప్పదు. నేర్పు పెరిగేకొద్దీ పొరపాటుకయ్యే ఖర్చు కూడా పెరుగుతుంది. అందువల్ల ఏకాగ్రతను నేర్పే ఏ శిక్షణైనా, అది తెర మీది బంతులతో కావచ్చు, పరీక్ష పుస్తకాలతో కావచ్చు, ధ్యాన శిబిరంతో కావచ్చు, ఒక ప్రశ్నకు జవాబుదారీ కావాలి: ఈ పదునుతో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇతనికి నేర్పేదెవరు? ఆ పని తనది కాదని ఎయిమ్ ట్రైనర్ చెప్పవచ్చు. బడీ ఇల్లూ ఆశ్రమమూ అలా చెప్పడానికి వీల్లేదు.