కొలత

శుక్రవారము నాడు బహ్రెయినులోని హూరా వీథులు మధ్యాహ్నపు నమాజు ముగియువరకు సద్దు మణగి యుండును. ఆ నిశ్శబ్దములోనే, మేము అద్దెకున్న యింటి వెనుక రేకుల పందిరి క్రింద, గడచిన శీతకాలమంతయు నేనొక ఇంజనును విప్పుచు, తుడుచుచు, కొలుచుచు గడపితిని. అది 1967వ సంవత్సరపు ఎం.జి.బి. కారుది. ఇంగ్లండులోని ఆబింగ్డను కర్మాగారమున 1962 మొదలు 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన ఆ జాతి కార్లలో ఒకటి, ఏ దొర వెంట ఈ ద్వీపమునకు వచ్చెనో, 1971 ఆగస్టు 15న బహ్రెయిను స్వతంత్రమైన పిమ్మట ఎవరెవరి చేతులు మారెనో, తుదకు పండ్రెండేండ్లు కదలక మెదలక పడియుండి, నా పాలబడెను.

బానెట్టు ఎత్తి చూచిన తొలి దినమున, పరాయి వస్తువును చూచుచున్నానను భావము నాకు కలుగలేదు. ఆ ఇంజనును నేను బాల్యమునుండి యెరుగుదును. మా మేనమామ విజయవాడ, బందరుల నడుమ టాక్సీగా నడపిన అంబాసిడరు కారులో నున్నది దీని తోబుట్టువే. మారిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులో ఉత్తరపరాలో పోతపోసిన ఆ కారునకును, 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అను పందెపు పోకడ గల కారునకును బి.ఎం.సి. వారి బి-శ్రేణి ఇంజనే, 1489 ఘన సెంటీమీటర్లదే, గుండెకాయ. ఎం.జి.బి.కి వచ్చునప్పటికి అది 1798 అయినది; సిలిండరు వెడల్పు 73 మిల్లీమీటర్లనుండి 80కి పెరిగినది; కాని పిస్టను ప్రయాణము చేయు దూరము మాత్రము నాడును నేడును 88.9 మిల్లీమీటర్లే. పెండ్లివారిని మోసిన కారును, దొరల వినోదమునకు పుట్టిన కారును లోలోపల ఒకే అడుగు వేయుచుండెనని తెలిసికొన్ననాడు, ఆ పందిరి క్రింద నాకు మా మామ బీడీవాసన సోకినట్లయినది.

"బండి బోరుకొచ్చిందిరా" అని, అనగా సిలిండర్లు అరిగి కోయింపవలసి వచ్చినదని, ఆయన దిగులుపడిన దినములు నాకు జ్ఞాపకమున్నవి. అయినను ఆటోనగరులో ఏ దుకాణమునకును నేరుగ పోయెడివాడు కాడు. ముందు మైక్రోమీటరు అరువు తెచ్చి, ప్రతి సిలిండరును పైన, నడుమ, క్రింద, నిలువుగను అడ్డముగను కొలిచి, అట్టపుస్తకములో వ్రాసికొనెడివాడు. "ముందు కొలువు, తర్వాత కొను" అనునది ఆయన నాకిచ్చిన ఆస్తి.

నేనును అట్లే కొలిచితిని. పై అంచునకు కొంచెము దిగువ, రింగులు చేరు చివరి తావున, అరుగుదల ఆరు థౌలు, అనగా అంగుళములో వెయ్యవ వంతులు ఆరు. క్రింది భాగమున దాదాపు శూన్యము. ఏలయన పైకి చేరిన పిస్టను, దిగుటకు ముందు ఒక్క క్షణము నిలిచిపోవును. ఆ క్షణముననే మండిన వాయువు రింగులను గోడకేసి మిక్కిలి అదుమును. కదలిక లేనందున నూనెపొర అక్కడ తెగిపోవును. పరుగిడిన నడిమి భాగము మిగిలినది, ఆగిన చోటు అరిగినది. పండ్రెండేండ్లు ఆగిన కారునకును అదియే గతి పట్టినది: సముద్రపు తేమ, ఆగస్టు నెల ఉక్క, తెరచియున్న వాల్వుల గుండ దిగి రెండవ సిలిండరు గోడలను తుప్పుతో మచ్చలు పరచినది. నా వయస్సువాడు, ఉద్యోగము విరమింపదలచిన యేట, ఈ సంగతిని తేలికగ చదివి పోజాలడు.

మొదట చూపిన యొక వర్క్‌షాపువారు ఏమియు కొలువకయే, సర్వమును మార్చవలెననియు 1,400 దీనార్లగుననియు చెప్పిరి. ఈ దేశమున 1965 వరకు రూపాయియే చెలామణి. పది రూపాయలకొక దీనారు చొప్పున నాణెము మారినను, నేటికిని 100 ఫిల్సును పాతవారు రూపాయి అనియే పిలుతురు. ఆ లెక్కన చూచినను, మన లెక్కన చూచినను, అది నా వంటివానికి మోయరాని మొత్తము. కాని నా ఆక్షేపణ మొత్తమును గూర్చి కాదు. కొలువక ఖర్చుపెట్టుట వస్తువును గౌరవించుట కాదని నా నమ్మకము. అరిగినదేదో అరగనిదేదో తెలిసికొను శ్రమను డబ్బిచ్చి తప్పించుకొనుట అది. లోభికిని దుబారాకానికిని ఇందు భేదము లేదు, ఇరువురును కొలువరు. ఆయిలుపంపు, టైమింగు గొలుసు, గాస్కెట్లు నేను వెనుదీయక క్రొత్తవి కొంటిని. సీసము కలిపిన పెట్రోలు దొరకిన కాలమున ఆ సీసమే ఎగ్జాస్టు వాల్వుల పీటలపై పొరగ నిలిచి కాపాడెడిది. ఇప్పుడది లేదు గనుక గట్టి లోహపు పీటలు వేయించితిని. ట్యాపెట్లను మాత్రము ఖర్జూరపు పెట్టె అట్టకు రంధ్రములు చేసి, అంకెలు వేసి, వరుస తప్పకుండ దాచితిని. ఏ ట్యాపెటు ఏ కాముతో ఒరసి నునుపెక్కెనో దానికే మరల దక్కవలెను.

దేవాలయ జీర్ణోద్ధరణమున శిథిలమైన రాతి స్థానే క్రొత్తరాతిని నిలుపుదురు. ఇంజను పని యట్టిది కాదు. ఇందు లోహమును చేర్చుట లేదు, తీసివేయుదుము. అరిగినది మరల గుండ్రమగుటకు, అరగని భాగమును సయితము దాని సరసకు వచ్చువరకు కోయవలెను. ఈ సిలిండరు ఇరువది థౌలు పెద్దది కావచ్చును, నలువది, అరువది కావచ్చును. ఆపై లోపల క్రొత్త గొట్టము దిగవేయుట తప్ప మార్గము లేదు. క్రాంకుషాఫ్టు పది, ఇరువది, ముప్పది, నలువది థౌలు సన్నగిల్లవచ్చును. అంతే, నాలుగు మార్లు. ప్రతి నూతన యౌవనమును ఉన్న దేహమునుండియే ఖర్చగుచున్నది.

సల్మాబాదులో లేతు నడుపు కుర్రవాడు కడప జిల్లావాడు. బోరు పనికి తిరుగులేదని యతడును ఒప్పుకొనెను. నాలుగు సిలిండర్లను ఇరువదికి కోసెను. క్రాంకు దగ్గర మాత్రము చర్చ వచ్చినది. దాని అరుగుదల అర థౌ మించలేదు, గీతలు లేవు. "పదికి దించేస్తాం అన్నా, మల్లా కొత్తది మాదిరి అయిపోతాది. పాతిక దీనార్లే కదా" అనెను. "వద్దు తమ్ముడూ, పాలిష్ చాలు" అంటిని. పాతిక దీనార్లకు వెనుదీసితినని యతడనుకొనియుండును. నేను తలచినది వేరు: నా నిశ్చింతకై నేడు కోసిన పది థౌలు, ముప్పదేండ్ల తరువాత నిజముగ అవసరపడు మరియొకని చేతినుండి తీసికొన్నవగును. అతడు నా ముఖము చూచి, మరల మైక్రోమీటరు తీసి క్రాంకు అయిదు ప్రధాన జర్నళ్లను తానే కొలిచి, "నిలబడ్తాది" అని బఫ్ఫు చక్రము చేతబట్టెను.

మొత్తము 430 దీనార్లయినది. ఫిబ్రవరి చివరి శుక్రవారమున, స్పార్కుప్లగ్గులు తీసియుంచి, స్టార్టరుతో త్రిప్పగా, నూనె ముల్లు క్షణకాలము తటపటాయించి పైకి లేచెను. ప్లగ్గులు బిగించుటకు ముందే నేను చేతులు తుడుచుకొని, అట్టపుస్తకములో కొలతలన్నియు చక్కగ ఎత్తివ్రాసి, కారు డాష్‌బోర్డు అరలో ఉంచితిని. తుది పంక్తి ఇది: బోరు, ఇరువది, ఇంక రెండు మార్లు, క్రాంకు, మొదటి కొలత, ఇంకను నాలుగు మార్లు.