బంచరాయిలో తొలి హక్కు ఎవరిది?

పొలాల అమావాస్య నాడు భైంసా చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, హనుమాన్ గుడి చుట్టూ తిప్పి, నైవేద్యం తినిపించి మొక్కుతారు. పశువుకు తాను ఋణపడ్డానని రైతు ఆ రోజు ఊరందరి ముందు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న ఋణం తీర్చాలి కూడా. ఆ పశువు ఏడాది పొడవునా ఎక్కడ మేయాలి? ఊరి ఉమ్మడి మేత భూమి అయిన బంచరాయిలోకి ఎవరి మంద ఎప్పుడు దిగాలి? ఆ భూమి కబ్జా అయితే ఎవరు అడ్డుపడాలి? ఈ ప్రశ్నలను తహసీల్దారు ఆఫీసుకు వదిలేసి, మన ధర్మం పూజతో తీరిపోయిందనుకుంటే ఋణం అలాగే ఉండిపోతుంది. మేత భూమిని ఊరే కనిపెట్టుకుని ఉండటం పరిపాలనకు వీలుగా ఉండే ఏర్పాటు మాత్రమే కాదు, అది ధర్మం కూడా. ఆ పెత్తనంలో తక్కువ జీవాలున్నవాడి మాట ముందు వినాలన్నది ఆ ధర్మానికి ప్రాణం.

ఈ మాటకు పాత ఆధారాలున్నాయి. ఊరి చుట్టూ వంద ధనుస్సుల మేర, పట్టణమైతే దానికి మూడింతలు, మేతకు విడిచిపెట్టాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ఆ నేలలో కంచె లేకుండా పంట వేస్తే, పశువులు దాన్ని మేసినా కాపరిని దండించకూడదంటుంది. కులం విషయంలో ఆ గ్రంథాన్ని నిరాకరించేవాళ్లకు బలమైన కారణాలున్నాయి. అయినా పంట వేసుకున్నవాడి కన్నా పశువు వెంట తిరిగేవాడి వైపు నిలబడిన ఈ నియమాన్ని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇస్లాం సంప్రదాయంలో నీరు, పచ్చిక, నిప్పు అందరికీ ఉమ్మడి అని ప్రవక్త చెప్పినట్టు హదీసులు చెబుతాయి. రెండో ఖలీఫా ఉమర్ రక్షిత పచ్చిక బయలుకు ఒక మనిషిని కాపలా పెట్టినప్పుడు, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్నవాళ్లను లోపలికి రానివ్వమని, సంపన్నులైన అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్, ఉస్మాన్ ఇబ్న్ అఫ్ఫాన్‌ల మందలను దూరంగా ఉంచమని ఆదేశించాడు. ఎందుకంటే ధనికుడి మంద చస్తే అతనికి తోటలు, పొలాలు ఉంటాయి. పేదవాడి మంద చస్తే అతను పిల్లలతో ఖజానా ముందు నిలబడాల్సి వస్తుంది. రెండు మతాలవాళ్లూ కలిసి బతుకుతున్న భైంసా లాంటి చోట ఈ రెండు సంప్రదాయాలూ ఒకే మాట అనడం చిన్న విషయం కాదు. పచ్చిక ఎవరి సొత్తూ కాదు, అది అమానతు, అంటే నమ్మి మన చేతిలో పెట్టినది.

ఆ అమానతును ప్రభుత్వం తన సొత్తుగా లెక్కగట్టినప్పుడు ఏమైందో మన చరిత్ర చెబుతుంది. అడవిలో పశువును మేపినందుకు కట్టాల్సిన పుల్లరిని ఎదిరించి పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చాడు. ఆదిలాబాద్ అడవుల్లో నిజాం అధికారుల వసూళ్లకు, భూమి నుంచి వెళ్లగొట్టడానికి ఎదురుతిరిగిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాడు. ఆ తర్వాత చట్టం కొంత మారింది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత పోరంబోకులను పంచాయతీలకు దఖలు పరిచింది. 2006 అటవీ హక్కుల చట్టం పశువులను మేపుకోవడాన్ని సామూహిక హక్కుగా గుర్తించింది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. కాగితం మీద హక్కుకు కొదవ లేదు. దాన్ని రోజూ కాచుకునే నాథుడే లేడు. 1956లో నాందేడ్ జిల్లా నుంచి ఆదిలాబాద్‌కు, 2016లో నిర్మల్‌కు మారిన భైంసా ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు. గిరిజన గ్రామసభలకు పెసా చట్టం ఇచ్చిన పాటి బలం కూడా ఇక్కడి ఊళ్లకు లేదు.

ఊరికి పెత్తనమిస్తే మోతుబరులే మింగేస్తారన్నది మొదటి అభ్యంతరం. ఇది నిజమైన భయం. అమెరికాలో 1934 టేలర్ గ్రేజింగ్ చట్టం తర్వాత మేత భూముల మీద సలహా బోర్డులు ఏర్పడ్డాయి. వాటిలో పెద్ద పశుయజమానులదే మాట అయింది. 1995లో అక్కడ పశుపోషకులతో పాటు పర్యావరణవాదులు, స్థానికులు కూడా కూర్చునే మండళ్లు పెట్టారు. దీన్నిబట్టి స్థానిక సలహాను రద్దు చేయాలనుకోవడం తప్పు. ఎవరిని కూర్చోబెట్టాలో జాగ్రత్తగా తేల్చుకోవాలి. ఆక్రమించినవాడూ ఆ ఊరివాడే కావచ్చు, కానీ ఆక్రమణ వల్ల మేత పోగొట్టుకున్నవాడు కూడా ఆ ఊరివాడే. రెండోవాడికి కుర్చీ లేని కమిటీ మొదటివాడి కమిటీ అవుతుంది.

అందరిదీ అయిన పచ్చికను అందరూ కలిసి నాశనం చేస్తారన్నది రెండో అభ్యంతరం. గారెట్ హార్డిన్ 1968లో సరిగ్గా పచ్చిక బయలునే ఉదాహరణగా తీసుకుని ఈ వాదన చేశాడు. అతను ఊహించుకున్నది కట్టుబాటే లేని నేల. కట్టుబాట్లు తామే పెట్టుకుని, తామే కాచుకునే సమాజాలు తరాల తరబడి ఉమ్మడి వనరులను నిలుపుకున్నాయని ఎలినార్ ఆస్ట్రోమ్ లోకమంతటి ఉదాహరణలతో చూపించింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. కవ్వాల్ పులుల అభయారణ్యం లాంటి చోట మందలకు హద్దు ఉండాల్సిందే. ఆ హద్దు గీసేటప్పుడు కాపరి మాట వింటే దాన్ని అతనే కాపాడతాడు. వినకపోతే రాత్రిపూట దాటుతాడు.

ట్రాక్టర్లొచ్చాక మేత భూమితో పనేముందన్నది మూడోది. ఎడ్లు తగ్గిన మాట నిజమే. గొర్రెల లెక్క మాత్రం వేరు. 2012లో సుమారు 128 లక్షలున్న తెలంగాణ గొర్రెలు 2019 పశుగణనకు 190 లక్షలు దాటాయి. 2017లో మొదలైన పథకం కింద 75 శాతం సబ్సిడీతో గొల్లకురుమ కుటుంబాలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. జీవాన్ని ఇచ్చిన చేయి గడ్డిని ఇవ్వలేదు. పత్తి, సోయా చేలు ఊరి అంచుదాకా పరుచుకున్న చోట ఆ మంద ఎటు పోవాలి?

అందుకే ప్రతి ఊళ్లో బంచరాయికి ఒక కమిటీ ఉండాలి. అందులో సగానికి పైగా సెంటు భూమి లేని కాపరులు, ఒకటి రెండు పాడి పశువులతో ఇల్లు నడిపే ఆడవాళ్లు ఉండాలి. హద్దురాళ్లు, మేత కాలం, మందల లెక్క వాళ్ల ముందే తేలాలి. వాళ్ల సలహాను తోసిపుచ్చే అధికారి కారణాన్ని రాతపూర్వకంగా గ్రామసభ ముందు పెట్టాలి. మతగ్రంథాన్ని చట్టం చేయమని ఎవరూ అడగడం లేదు. నోరులేని జీవానికీ, దాని వెనక నడిచే పేదవాడికీ బాకీ ఉన్నామని నమ్మే సమాజం ఆ నమ్మకాన్ని పంచాయతీ తీర్మానంలో కూడా చూపాలి. అలా చూపినప్పుడే అది భక్తి అవుతుంది.