బాకీ ఎవరిది?

"యుద్ధంలో పోయాడు కాబట్టి తలుచుకుంటున్నారు. బతికొస్తే ఎవడికి పట్టేది?" అన్నాడు మామయ్య. మా మెల్‌బోర్న్ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినా వాదన మాత్రం మానడు.

మేం మాట్లాడుకుంటున్నది రాన్ బరాసీ గురించి. కాజిల్‌మేన్ దగ్గర గిల్డ్‌ఫర్డ్ అనే పల్లెటూరి కుర్రాడు. బంగారం కోసం వలసొచ్చిన స్విస్ ఇటాలియన్ల సంతతి. 1936 నుంచి మెల్‌బోర్న్ క్లబ్‌కు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడాడు. 1940లో ఆ జట్టే ఛాంపియన్. మరుసటి ఏడు జులై 31న లిబియాలో, తోబ్రూక్ ముట్టడిలో చనిపోయాడు. ఐదేళ్ళ కొడుకు మిగిలాడు. వాడి పేరూ రాన్ బరాసీయే.

"తలుచుకోవడమంటే ఏం చేశారు? విగ్రహమా?"

"విగ్రహం కొడుక్కి పెట్టారులే. అప్పట్లో ఏ పేట కుర్రాడు ఆ పేట క్లబ్‌కే ఆడాలి. బరాసీ కొడుకు మాకే కావాలని మెల్‌బోర్న్ పట్టుబట్టింది. తండ్రి ఆడిన క్లబ్‌కు కొడుకు వెళ్ళొచ్చని లీగ్ నిబంధన తెచ్చింది. కుర్రాడు తండ్రి నంబరు 31 వేసుకుని అక్కడ ఆరు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు."

"అది కృతజ్ఞత కాదురా, బేరం! పక్క క్లబ్ ఎగరేసుకుపోకుండా పోయినవాడి పేరు అడ్డుపెట్టారు."

కోపమొచ్చింది కానీ కొట్టిపారేయలేకపోయాను. క్లబ్‌కున్న ప్రేమా, అవసరమూ కలిసే లీగ్ గుమ్మమెక్కాయి. వాటిని విడదీయడం నావల్ల కాదు.

"సరే, క్లబ్‌ను వదిలెయ్. నార్మ్ స్మిత్ సంగతేమిటి? తండ్రితో కలిసి ఆడినవాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని టాస్మానియా వెళ్ళిపోతే, కుర్రాణ్ణి తన పెరటి గదిలో ఉంచుకుని సాకాడు."

"ఆయనా ఆ జట్టు కోచేగా?"

"కోచ్‌కి కుర్రాడు జట్టులో ఉంటే చాలు మామయ్యా, ఇంట్లో ఉండక్కర్లేదు."

మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత సంగతి నేనే బయటపెట్టాల్సి వచ్చింది: 1965లో ఆ కొడుకు మెల్‌బోర్న్‌ను వదిలి కార్ల్టన్ అనే మరో క్లబ్‌కు కెప్టెన్‌గా, కోచ్‌గా వెళ్ళిపోయాడు.

"చూశావా! నిబంధనే మార్పించిన క్లబ్ రుణం..."

"తండ్రిని పోగొట్టుకున్నవాడు ఎవరికి బాకీ పడతాడు? బాకీ ఉన్నది మిగతావాళ్ళు. ఉన్నవాళ్ళు తీర్చారు. తీర్చినందుకు రసీదు అడక్కూడదు."

"మరి కార్ల్టన్‌లో ఏ నంబరు వేసుకున్నాడు?"

"31."

"ఎందుకూ, అన్నీ వదిలేసినవాడికి?"

"అది నాన్నది. క్లబ్‌ది కాదుగా."

"ఊరొదిలి ఇంత దూరమొచ్చినవాడివి," అన్నాడు మామయ్య, "నువ్వు అలాగే అంటావులే."