వేళ కాని వేళ వచ్చినవాళ్లకి

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇంటికి కబురంపి వచ్చినవాళ్లు తక్కువే. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులు ఏ వేళకి, ఎంతమంది దిగుతారో తెలిసేది కాదు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, వచ్చినవాళ్లకి వచ్చినట్టే వండి వడ్డించారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే.

భర్త జోగన్నగారు కలిగిన రైతు, నిజమే. కానీ ధాన్యం ఒక్కటే ఉంటే అర్ధరాత్రి చుట్టానికి అన్నం దొరకదు. ముందుచూపు ఉండాలి. మన అమ్మమ్మల వంటింట్లో అది జాడీల్లో కనిపించేది. ఆవకాయ, కందిపొడి, బూడిదగుమ్మడి వడియాలు, మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఊరమిరపకాయలు. ఎసట్లో బియ్యం ఉడికేలోపే ఆ మిరపకాయలు నూనెలో చిటపటలాడి నల్లబడేవి. చుట్టం కాళ్లు కడుక్కుని వచ్చేసరికి విస్తరి వేసి ఉండేది. మేడ మీద మండుటెండలో వడియాలు పెట్టినప్పుడు, అవి ఎవరి విస్తట్లోకి వెళ్తాయో అమ్మమ్మకి తెలియదు. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

అయితే నిద్ర లేచి పొయ్యి వెలిగించింది ఎప్పుడూ ఇల్లాలే. అది న్యాయం కాదు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లల్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయంటారు. కుదురుతాయి. కాలింగ్ బెల్ మోగగానే ఇంటాయన బియ్యం కడిగి కుక్కర్ పెట్టాలి, పిల్లలు కంచాలు పెట్టి మంచినీళ్లు అందించాలి. కందిపొడి డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.