పోషణమును స్వాతంత్ర్యమును

మహాభారతమున ఆశ్రమవాసపర్వమును చదువనివా రుండవచ్చును గాని అందలి కథ నెఱుగనివారు మనలో అరుదు. కురుక్షేత్రయుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నింట నుండెను. పుట్టుగ్రుడ్డి, ముదుసలి, నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్నవాడు. వానికి అన్నమునకు గాని వస్త్రమునకు గాని పరిచారకులకు గాని కొఱత లేకుండెను. పెదతండ్రి మనస్సు నొవ్వరాదని ధర్మరాజు తమ్ముల కందఱకు ఆజ్ఞాపించెను. ఐనను భీముడు, అన్న వినని వేళ చూచి, తన బాహుబలమును గుఱించియు చచ్చిన కౌరవులను గుఱించియు ముసలివాని చెవిని బడునట్లు మాటలాడుచుండెడివాడు. ఆ మాటలకు సైపలేక ధృతరాష్ట్రుడు అడవికి బోవ నిశ్చయించెను. పోవుటకు ధర్మరాజు సెలవు కావలసివచ్చెను. ధర్మరాజు ప్రేమచేతనే సెలవీయక, వ్యాసుడు వచ్చి చెప్పిన పిమ్మట గాని అంగీకరింపడయ్యెను. చనిపోయిన కొడుకులకు శ్రాద్ధము పెట్టుకొనుటకు ధనము కావలసినపుడు విదురునిచేత అడిగించుకొనవలసివచ్చెను. దానికిని భీముడు అడ్డు చెప్పెను.

ధృతరాష్ట్రుని పూర్వపాపముల నిచ్చట విచారింపను. భీముని దూషించి ఊరకుండుటయు సులభమే. నన్ను ఆలోచింపజేయువాడు ధర్మరాజు. అంతటి ధర్మాత్ముని యింట, అంతటి యాదరమున నుండియు ఆ వృద్ధు డేల సుఖింపలేదు? అతనికి సమస్తమును ఇయ్యబడుచుండెను; తన దని చెప్పుకొనుటకు మాత్ర మేమియు లేకుండెను. పోవలెనన్నను ఉండవలెనన్నను పదిరూకలు వ్యయము చేయవలెనన్నను మఱియొకరి యనుమతి కావలసియుండెను. పోషణము కలదు, స్వాతంత్ర్యము లేదు.

ఈ ప్రశ్న నేడు ఒక్క రాజగృహమునకు సంబంధించినది కాదు. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలనుబట్టి మన దేశమున అఱువదేండ్లు నిండినవారు పదికోట్ల ముప్పదియెనిమిది లక్షలు. వికలాంగులు రెండుకోట్ల అఱువదియెనిమిది లక్షలు. వీ రెచ్చట నుండవలెను? వీరిని ఎవరు చూడవలెను? ఈ విషయమున మనవారు రెండు పక్షములై వాదించుచున్నారు. తల్లిదండ్రులను వృద్ధాశ్రమమునకు పంపుట మహాపాపమని కొందఱందురు. ఇంట నుంచుకొని బాధించుటకంటె ఆశ్రమమే మేలని కొందఱందురు. ఈ యుభయులును స్థలమును గుఱించియే మాటలాడుచున్నారు. అచ్చట నుండు మనుష్యుని దినము ఎవరి చెప్పుచేతలలో నున్నదని అడుగువారు లేరు. ఆ ప్రశ్న అడుగనంతవఱకు ఇల్లైనను ఆశ్రమమైనను ఒక్కటే.

మొదట ఇంటిని చూతము. మన యూళ్లలో తల్లిదండ్రులను వంతులువేసికొను ఆచార మెల్లర కెఱుకయే. ముగ్గురు కొడుకు లున్నచో నాలుగేసి నెలలు; ఇద్ద ఱున్నచో తల్లి యొకరి యింటను తండ్రి యొకరి యింటను. నే నెఱిగిన యొక ముసలమ్మ, భర్త పోయిన మఱునాటి సంవత్సరమే ఇల్లును రెండెకరముల పొలమును కొడుకుల పేర దఖలు దస్తావేజు వ్రాసియిచ్చినది. కొడుకులు దుర్మార్గులు కారు. కోడండ్రు వేళకు అన్నము పెట్టుదురు. ఒకనాడు ఆమెను చూడబోగా మంచము క్రింద ట్రంకుపెట్టె కట్టినది కట్టినట్లే యుండెను. "ఇంకను బట్టలు సర్దుకొనలేదా అత్తయ్యా?" అంటిని. "మూడిండ్లలోను అన్నము పెట్టుచున్నారు నాయనా. ఏ యింటను పెట్టె విప్పను. మఱల కట్టుకొనవలసినదే కదా" అనినది. ఆమె మాటలో నిష్ఠురము లేదు. అందువలననే నా కది మఱపునకు రాదు.

ఆ దస్తావేజులో ఆమె, "నా జీవితకాలము ఈ యింట నివసించు హక్కు నాకు కలదు" అను నొక్క వాక్యమును వ్రాయించుకొనియుండినచో, కొడుకులే ఆమె యింటికి వచ్చి పోవుచుందురు. ఏల వ్రాయించుకొనలేదు? కొడుకులను నమ్మలేదని లోకము అనుకొనునని సిగ్గు. ఈ సిగ్గే మన వృద్ధులకు మొదటి శత్రువు. తల్లిదండ్రుల పోషణమునకై 2007లో భారతప్రభుత్వమువారు చేసిన శాసనమున ఇరువదిమూడవ ప్రకరణ మొకటి కలదు. తన్ను పోషింపవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తి నిచ్చి, పుచ్చుకొన్నవారు ఆ షరతును తప్పినయెడల, ఆ వృద్ధుడు కోరినచో ట్రిబ్యునలు ఆ దానమును చెల్లదని ప్రకటింపవచ్చును. ఐతే షరతు ఉండవలెనని సుప్రీముకోర్టు 2022లో చెప్పెను. 2025 జనవరిలో ఆ న్యాయస్థానమే, ఈ శాసనము వృద్ధుల మేలుకొఱకై పుట్టినది గావున దాని నుదారముగా వ్యాఖ్యానింపవలెనని చెప్పి, మధ్యప్రదేశమున ఒక తల్లి కొడుకునకిచ్చిన దానమును రద్దుపఱచి ఇల్లు మఱల ఆమె కిప్పించెను. ఐనను ముదిమిని సుప్రీముకోర్టు మెట్లెక్కుటకంటె ముందుగా ఒక్క వాక్యము వ్రాయించుకొనుట మేలు కదా! పొలము కౌలున కిచ్చునపుడు షరతులు వ్రాసికొనుట అవిశ్వాసము కానియెడల, జీవితకాలపు కష్టార్జితము నిచ్చునపుడు వ్రాసికొనుట అవిశ్వాస మెట్లగును?

ఇంటిని గుఱించి చెప్పునపుడు దాచరాని విషయము మఱియొకటి కలదు. తల్లి మంచము పట్టినపుడు కొడుకు లోకముచేత మాతృభక్తుడనిపించుకొనును. ఒడలు తుడుచునది, మలమూత్రము లెత్తునది, రాత్రి మూడుమార్లు లేచునది ఎవరు? కోడలు, లేదా పెండ్లికాని కూతురు. భక్తి యొకరిది, చాకిరి యొకరిది. ఏడాదులకొలది ఒక్క దినమైనను విరామము లేక చేయు స్త్రీ ఒకనాడు విసుగుకొన్నచో ఆమెను రాక్షసి యందుము. శ్రవణకుమారుడు కావడిని తన భుజముమీదనే మోసెను గాని భార్య భుజముమీద పెట్టలేదని మన పుత్రులు గమనింతురు గాక. చూచువారి స్వాతంత్ర్యమును హరించి చూడబడువారికి సుఖము కల్పింపజాలము. ఆ విసుగు గోడ దాటి ముసలివారి చెవిని బడకపోదు.

ఇక ఆశ్రమము. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలో బిడ్డలు అమెరికాకు పోగా పెద్ద యిండ్లలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రు లెందఱో కలరు. వారిలో తమంతట తామే ఆశ్రమమునకు పోయి, ఈడువారితో కాలక్షేపము చేయుచు సంతోషముగా నున్నవారు కలరు. అట్టివారిని చూచి జాలిపడుట అవివేకము. వారు తామే యెన్నుకొన్నారు. అయితే అన్ని ఆశ్రమములు నట్టివి కావు. ఆఱింటికి కాఫీ, పండ్రెండింటికి భోజనము, ఎనిమిదింటికి దీపములార్పు. గేటు దాటవలెనన్న కొడుకు ఉత్తరువు కావలెను. పింఛనుపుస్తకము కార్యాలయపు బీరువాలో నుండును. వార్తాపత్రిక యెవరో చదివిన పిమ్మట వచ్చును. ఇందులో క్రౌర్య మేమియు లేదు, అంతయు సౌకర్యముకొఱకే. కాని యెవరి సౌకర్యము?

2007వ సంవత్సరపు శాసనమే, నిరుపేద వృద్ధులు నూటయేబదిమందికి తక్కువ కాకుండ పట్టునట్టి ఆశ్రమము జిల్లాకొక్కటి చొప్పున రాష్ట్రప్రభుత్వములు స్థాపింపవచ్చునని చెప్పుచున్నది. దిక్కులేనివారికి నీడ యవసరమే. కాని నూటయేబదిమంది కొక్క గంట మ్రోగుచోట ఒక్కొక్కరి కోరికకు తావెక్కడ? డెన్మార్కు దేశమువారు 1987లో శాసనము చేసి పాతరీతి ఆశ్రమములను క్రొత్తగా కట్టుట మానిరి. వానికి బదులు ఒక్కొక్కరికి ప్రత్యేకముగా తలుపును వంటగదియును గల చిన్న యిండ్లను కట్టి, పరిచర్యను అచ్చటికి పంపు పద్ధతి నవలంబించిరి. మనము వారివలె ధనవంతులము కాము. ఐనను గదికొక గడియయు, ఆ గడియ లోపలనుండి వేసికొను హక్కును ఇచ్చుటకు గొప్ప ధనము కావలెనా?

వికలాంగుల విషయమున ఈ లోపము మఱింత స్పష్టముగా కనబడును. వృద్ధుడు ఒకప్పుడు యజమానియై యుండెను. పుట్టుకతోనే వైకల్యము గలవాని కా భాగ్యమైనను లేదు. నలువదేండ్లవానిని "అబ్బాయి అన్నము తిన్నాడా?" అని వాని యెదుటనే తల్లి నడుగుదుము. వా డేమి తినగోరుచున్నాడో, ఎవరితో నుండగోరుచున్నాడో అడుగము. తల్లిదండ్రుల కొక్కటే దిగులు: మేము పోయిన పిమ్మట వీని గతి యేమి? ఆ దిగులుచేతనే వానిని గడప దాటనీయరు. గడప దాటనివాడు వారు పోయిన నాడు నిజముగనే దిక్కులేనివాడగును. 2016లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల శాసనము, వారికి సంఘమధ్యమున నివసించు హక్కు కలదనియు, ఫలానా చోటనే యుండవలెనని నిర్బంధింపరాదనియు స్పష్టముగా పలికినది. ఇది అసాధ్య మందురా? బెల్జియము దేశమున గీల్ అను పట్టణము కలదు. అచ్చటి గృహస్థులు మధ్యయుగములనుండియు మనోవ్యాధిగ్రస్తులను తమ యిండ్లలో నుంచుకొని, కుటుంబములో నొకరినిగా చూచుకొనుచున్నారు. వైద్యాలయము వెనుక నుండి తోడ్పడును. గృహస్థునకు కొంత భృతి ముట్టును. శాస్త్రము పుట్టకమునుపే సామాన్యజనులు చేసిన పని యిది.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణ కలదు. "మతి తప్పిన వృద్ధురాలు అర్ధరాత్రమున వీధిలోనికి పోవుదునన్నచో పోనీయవలెనా? కాలు జాఱి పడువానిని ఒంటరిగా స్నానమునకు పోనీయవలెనా?" అని యడుగుదురు. దీనికి తేలికయైన సమాధానము నాయొద్ద లేదు. కాపాడవలసిన వేళలు కలవు. అడ్డగింపవలసిన వేళలును కలవు. కాని ఒక్క విషయమున అడ్డగింపవలసివచ్చినదని అన్నిటను అడ్డగించుచున్నాము. వీధిలోనికి పోనీయరానివారికి ఏ చీర కట్టుకొందువని అడుగరాదా? లెక్కలు చూడలేనివారికి చేతిలో పదిరూపాయలుంచి, మనుమరాలి కిచ్చు సంతోషమును మిగుల్పరాదా? శరీరము పరాధీనమైనంతమాత్రమున మనస్సు పరాధీనము కానక్కఱలేదు. మనస్సు సన్నగిల్లినను ఇష్టానిష్టములు చివరివఱకు నుండును. మఱియు, చిన్న యపాయము నుండి తప్పించుటకై పెద్ద చెఱలో పెట్టుట ఎంతవఱకు న్యాయమో, చెఱలో నుండువారినే అడుగవలెను.

ఇది యంతయు గృహస్థులవలననే కాదు. వార్ధకమునను రోగమునను అంగవైకల్యమునను ప్రజలకు ప్రభుత్వము తన శక్తికొలది తోడ్పడవలెనని మన రాజ్యాంగము నలువదియొకటవ యధికరణమున చెప్పినది. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో వృద్ధుల పింఛనును నెలకు 4,000 రూపాయలకును, వికలాంగుల పింఛనును 6,000కును, పూర్తిగా మంచమునకంటియున్నవారి పింఛనును 15,000కును పెంచి, ఇంటియొద్దనే యిచ్చిరి. తన పేర తన చేతికి వచ్చు ధనము ఇంటిలో ముసలివారి మాట కెంత బరువు నిచ్చునో ఆ దినమున చూచినవారెఱుగుదురు. కాని ధనము వీపు తోమదు. చేతులు కావలెను, పని తెలిసిన చేతులు, తగిన జీతముగల చేతులు. జపానుదేశమున 2000వ సంవత్సరమునుండి నలువదేండ్లు నిండిన ప్రతివాడును దీర్ఘకాలపరిచర్యకై కొంత సొమ్ము చెల్లించుచుండును. వ్యయములో రమారమి సగము ఆ సొమ్ము, సగము ప్రభుత్వపు పన్నులు. అచ్చట పరిచర్య కొడుకు దయాధర్మము కాదు, కోడలి కర్మఫలమును కాదు; ముందుగా సొమ్ము కట్టినవాని హక్కు. మనకును అట్టి యేర్పాటు ఎప్పటికైనను తప్పదు. దానిని కోరుట పుత్రధర్మమును వదలుకొనుట కాదు. ఆ ధర్మమును ఒక్క స్త్రీ నడుము విఱుగకుండ నెఱవేర్చుట.

చదువరులారా! శాసనములు వచ్చువఱకు కాచుకొనియుండ నక్కఱలేని పనులు కొన్ని కలవు. ఆస్తి వ్రాసియిచ్చు తల్లిదండ్రులు తమ నివాసమును పోషణమును దస్తావేజులో వ్రాయించుకొనవలెను. బిడ్డలే ముందుగా ఆ మాట యెత్తినచో సిగ్గునకు తావుండదు. పింఛను వృద్ధుని చేతనే యుండవలెను. పరిచర్య చేయు స్త్రీకి నెలకు కొన్ని దినములు విశ్రాంతి నిచ్చి, ఆ దినములలో కొడుకే ఆ పనులు చేయవలెను. తల్లిని వంతులువేయుటకు ముందు తల్లి నడుగవలెను. వికలాంగునితో మాటలాడవలసినపుడు వానితోనే మాటలాడవలెను.

మనలో ననేకులము భీములము కాము, ధర్మరాజులము కాగోరువారము. కాబట్టి భీముని దోషమును విడిచి ధర్మరాజు దోషమును పరీక్షించుకొనుట మనకు శ్రేయస్కరము. ఆ ముసలమ్మ పెట్టె ఇంకను మంచము క్రింద కట్టియే యున్నది. దానిని విప్పుకొని బట్టలు సర్దుకొనదగిన గది యొకటి ఆమెకు "నీది" యని చెప్పి యిచ్చిననాడు, మనము ఆమెకు అన్నముతోపాటు ఇల్లును పెట్టినవారమగుదుము.