ఆ గొంతుకి యాభై ఏళ్లు

నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలింట్లో పొద్దున్నే కాఫీలు తాగుతూ కూర్చున్నాం. వీధి చివర్నించి ఘంటసాల గొంతు వినిపించింది. భగవద్గీత. చెల్లెలు చటుక్కున గ్లాసు కింద పెట్టి, "ఎవరో పోయినట్టున్నరక్కా" అంటూ గుమ్మంలోకి పరిగెత్తింది. అది ఏ శ్లోకమో, ఏ రాగమో దానికి అక్కర్లేదు. ఎవరు, ఎవరింట్లో, అంతే కావాలి. కాసేపటికి వైకుంఠరథం ఇంటిముందు నుంచి మెల్లగా సాగిపోయింది. దాని కూతురు, ఇంజనీరింగు చదువుతోంది లెండి, సెల్‌ఫోన్ మీంచి తలెత్తకుండానే, "చావు పాటలు పాడే ఆయనే కదా పెద్దమ్మా ఈయన?" అని అడిగింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'పాతాళభైరవి'కి సంగీతం కట్టి, పాటలు పాడి, ఆంధ్రదేశంలో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లలందరికీ కలలు పంచిపెట్టిన మనిషి! 'దేవదాసు'తో తాగని వాళ్లకి కూడా మత్తెక్కించిన మనిషి! మూడు తరాలు తిరిగేసరికి శవం వెనకాల పాడే ఆయనగా మిగిలాడు.

తప్పు ఆ పిల్లది కాదు. దాని చెవిన ఆయన గొంతు పడిందే అలాంటి సందర్భాల్లో. తప్పు మనదీ, మన అమ్మలదీ. ఘంటసాల తన అభిమానులకి చివరగా ఇచ్చింది గీత. దాన్ని వాళ్లేం చేశారన్నది నాకు చాలాకాలంగా ఒక ధర్మసందేహం.

సంగతులు చాలామందికి తెలిసినవే. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర జబ్బు. ఆస్పత్రిలో ఉన్నప్పుడే గీత పాడాలన్న కోరిక పుట్టిందంటారు. ఏడువందల శ్లోకాల్లోంచి వందకు పైగా ఎంచుకుని, శ్లోకం పాడి, వెంటనే దాని తాత్పర్యం తెలుగులో తన గొంతుతోనే చెప్పారు. 1974 ఫిబ్రవరి 11న పోయారు. రికార్డు జనం చేతికొచ్చేసరికి ఆయన లేరు.

పోయేనాటికి ఆయనకి యాభై ఒకటి. చెప్పొద్దూ, ఈ లెక్క నేను వేసుకున్నది మొన్న మొన్ననే. గీత వినబడినప్పుడల్లా నా కళ్లముందు తెల్లగడ్డం, విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు ఉన్న ఒక తాతగారు మెదిలేవారు. తీరా చూస్తే ఆయన అప్పుడు నాకంటే నాలుగేళ్లు పెద్ద! వైరాగ్యం వచ్చిన ముసలాయన కాదు, జబ్బుపడి లేచి, ఇంకా పాడదగ్గదేముందా అని వెతుక్కున్న నడివయసు మనిషి.

ఇంకో చిత్రం చూడండి. 1973లోనే, యద్దనపూడి సులోచనారాణిగారి నవలతో తీసిన 'జీవన తరంగాలు'లో ఆయనే చావుని గురించి ఒక పాట పాడారు. తెరమీద కూడా అది శవయాత్రే. ఆ పాట రేడియోలో వస్తే ఏ ఇల్లాలూ కట్టేయదు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి మరీ వింటుంది. గీత వస్తే మాత్రం "అబ్బ, పొద్దున్నే ఏమిటా అశుభం" అంటుంది. నిజానికి గీత చచ్చినవాడికి చెప్పింది కాదు కదా! చతికిలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పింది. విల్లు కిందపడేసి కూర్చున్న అర్జునుడు బతికే ఉన్నాడు, ఆ తర్వాత లేచి యుద్ధం కూడా చేశాడు.

ఇదంతా చెల్లెలికి చెబితే, "నిజమే గానీ అక్కా, మనింట్ల పెడితే పక్కింటోళ్లు పూలదండ పట్టుకొనొస్తరు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అక్కణ్నించి గద్వాల వెళ్లాను, మా మామయ్య ఇంటికి. కోటలోని కాలేజీలో నేను బి.ఏ. చదివిన మూడేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాను. మామయ్యకి ఘంటసాలంటే దైవభక్తి. గీత ఎల్.పి. రికార్డు పూజగదిలో పటాల పక్కన నిలబెట్టి, శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతాడు. "గీత ఒక్కటి సాలు. తక్కినయన్ని గాలిపాటలు" అంటాడు. ఇన్నేళ్లూ వింటున్న మాటే. ఈసారి ఎందుకో అడిగేశాను, "మొత్తం ఎప్పుడైనా విన్నారా మామయ్యా?" అని.

"దాన్ని వినుడేందమ్మా! పూజల పెట్టుకునేది" అన్నాడు, నేనేదో అపచారం చేసినట్టు.

అత్తయ్య అప్పుడే మగ్గం వాళ్లింటి నుంచి వచ్చిన చీర మడత విప్పి నాకు చూపిస్తోంది. గద్వాల చీర సంగతి మీకు తెలుసుగా, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నేతలోనే రెంటినీ కలిపేస్తారు. "మీ మామ ఎప్పుడైన గంతే. అంచు జూసి దండం పెడ్తడు. నూలుబట్ట గదా ఒంటికి తగిలేది?" అంది అత్తయ్య. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజారు అనే నూలంతా నేసిన మగ్గం మీదే ఈ పట్టంచు కూడా పడిందని, అదంతా గాలిపాటైతే ఇదీ గాలేనని ఆమె ఉద్దేశం కాబోలు. నేనైతే అలాగే అర్థం చేసుకున్నాను. ఆమె చీర గురించే అన్నదేమో కూడా!

భయపడి కట్టేసేవాళ్లూ, భక్తితో బొట్టు పెట్టేవాళ్లూ. ఇద్దరిలో వినేది ఎవరూ లేరు. మామయ్య భక్తికీ, చెల్లెలి భయానికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. రెండూ చెవులు మూసుకునే పద్ధతులే.

వినకుండానే మాట్లాడటం మన దేశంలోనే ఉందని కాదు. అమెరికాలో బాబ్ డిలాన్ అనే పాటగాడు 1965లో మామూలు గిటారు పక్కనపెట్టి కరెంటు గిటారు పట్టుకుంటే అభిమానులే గోలచేశారు. మరుసటేడు మాంచెస్టర్ కచేరీలో ఒకడు క్రీస్తుని పట్టిచ్చినవాడి పేరు పెట్టి అరిచాడు. అంత కోపం ఎందుకంటారా? వాళ్ల యవ్వనం ఆ పాటల్లో దాచుకున్నారు. దాచుకున్న పెట్టె తాళం ఆయన మార్చేశాడని కోపం. నాకూ ఉత్తరాలొస్తుంటాయి, "మీరు మునుపటిలా ఎందుకు రాయడం లేదు?" అని. ఆమాటకొస్తే మన ఇళ్లల్లో మాత్రం? నలభై దాటాక ఆడది కాస్త తక్కువ మాట్లాడినా, ఒక పుస్తకం పట్టుకుని కూర్చున్నా, "నువ్విలా ఉండేదానివి కావే" అని ఎంతమంది అనరు! ప్రేమతోనే అంటారు. అందుకే జవాబు చెప్పడం కష్టం.

అయితే వినేవాళ్ల పక్షాన కూడా ఒక మాటుంది. నచ్చనిదాన్ని నచ్చిందని చెప్పే బాధ్యత అభిమానికి లేదు. ఈ మాట నాకు నేర్పింది వనపర్తిలో ఉన్న మా పెద్దమ్మ.

పెద్దనాన్న అక్కడి పాలిటెక్నిక్‌లో గుమాస్తా. రాజావారి ప్యాలెస్సే 1959లో పాలిటెక్నిక్ అయింది. పెళ్లయి వచ్చిన కొత్తల్లో ఆ ఊరికి పెద్దమ్మ తెచ్చుకున్న సారె అంతా ఘంటసాల పాటలే అని మా అమ్మ అనేది. మర్ఫీ రేడియో ముందు కూర్చుంటే అన్నం మాడేదట. గీత వచ్చాక పెద్దనాన్న సంబరంగా పెట్టించుకుని వింటుంటే, "నాకొద్దు. నా ఘంటసాల పాతాళభైరవి కాడనే ఉన్నడు. ఈయనెవరో నాకు తెల్వదు" అని లేచి పోయిందట. ఆ తర్వాత పెద్దనాన్న కొనుక్కున్న క్యాసెట్టుని కూడా ముట్టుకోలేదు. ఇంటిల్లిపాదీ నొచ్చుకున్నారు, భగవంతుడి మాటని కాదంటుందా అని. ఆమె మాత్రం యాభై ఏళ్లూ ఆ మాటమీదే ఉంది.

గద్వాల నుంచి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మకి ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి ఆర్నెల్లుగా మంచంలోనే ఉంది. నేను కూర్చోగానే చెయ్యి పట్టుకుని, "ఒక్క పని జేస్తవా బిడ్డా?" అంది. "గా గీత పెట్టియ్యి, మొత్తం. కోడలు పెట్టనంటుంది. నేను పోయినంక మూడు దినాలు పెడ్తరు గదా, అప్పుడు నాకినవడ్తదా?"

వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంట్ల మనిషి మంచం మీదుంటే అది ఎట్ల పెట్టమంటవ్ వదినా? నా చేతులతోని ఆమెను సాగనంపినట్టు కాదా?" అంది. ఆమె బాధా అబద్ధం కాదు. కొన్ని భయాలని తర్కంతో కొట్టలేం. నేను ఆ నిముషంలో ఎవరి పక్షమో తేల్చుకోలేక చాలాసేపు కూర్చున్నాను. చివరికి పెద్దమ్మే, "చచ్చేది నేను, భయం నీకెందుకే?" అని కోడలిని కసిరింది. ఇక నేను ఫోన్‌లో పెట్టేశాను.

పావుగంట గడిచిందో లేదో, ఎదురింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది. వెనకాల ఇద్దరు మగవాళ్లు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆవిడ ఏడుపందుకోబోయింది.

"ఉన్న, ఇంక ఉన్న. కూసో" అంది పెద్దమ్మ మంచంలోంచి. ఆవిడ సిగ్గుపడి చాపమీద కూర్చుంది. మగవాళ్లు వెళ్లిపోయారు. వదిన నవ్వలేక, నవ్వాపుకోలేక లోపలికెళ్లి టీ పెట్టింది. ఎదురింటావిడ లేచి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు, చివరిదాకా వింది. మధ్యలో ఒకసారి, "ఇంత ఉందా ఇది?" అని మాత్రం అంది.

అయిపోయాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. "ఎలా ఉంది పెద్దమ్మా?" అన్నాను. అభిమాని కదా, యాభై ఏళ్ల తర్వాత ఏమంటుందోనని నా ఆత్రం.

"శ్లోకాలు గాదు గానీ" అంది, కాస్త ఆలోచించి, "తాత్పర్యం చెప్తడు సూడు, పాట లేకుంట ఉత్త మాట. అది మంచిగున్నది. ఆయన గట్ల మాట్లాడంగ నేనెప్పుడు ఇనలే." మళ్లీ కళ్లు మూసుకుని, "జెర అలిసిపోయినట్టుండు పాపం" అంది. కాసేపాగి, "రేపు పొద్దున పాతాళభైరవి పెట్టు. ఇప్పుడొద్దు" అని అటు తిరిగి పడుకుంది.