వస్తువుకు యజమాని ఎవరు?

ఇంటిలో ఒక యంత్రం ఆగిపోయినప్పుడు మన ముందు మూడు మార్గాలుంటాయి: పారవేయటం, మరొకరిచేత బాగుచేయించటం, మనమే విప్పి చూడటం. మొదటి రెండింటిలో ఏది మేలో సాధారణంగా ధరే తేల్చివేస్తుంది. మూడవది మాత్రం ధరకు లొంగని ప్రశ్ననొకటి లేవనెత్తుతుంది. వెల చెల్లించినంత మాత్రాన ఒక వస్తువుకు మనం యజమానులమవుతామా?

వంటింటి మిక్సీనే తీసుకుందాం. మన దేశంలో దాని చరిత్ర ఒక మరమ్మతుతో ముడిపడి ఉన్నది. 1960ల ఆరంభంలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో ఒక విదేశీ మిక్సర్ చెడిపోయింది. మన పప్పులనూ దినుసులనూ రుబ్బే సత్తువ దాని మోటారుకు లేదు. బాగుచేసే ఏర్పాటూ ఇక్కడ లేదు. చెడిపోయిన కారణాన్ని ఆలోచించిన ఆయన బలమైన మోటారుతో వేరొక యంత్రాన్నే రూపొందించారు. 1963లో నెలకొల్పిన సంస్థ ద్వారా అది ‘సుమీత్’ పేరిట ఇల్లిల్లూ చేరింది.

అందరూ కొత్త యంత్రాలను సృష్టించనక్కరలేదు. మిక్సీ అడుగున సాధారణంగా ఒక చిన్న ఎర్ర మీట ఉంటుంది. భారం మించినప్పుడు మోటారు కాలిపోకుండా విద్యుత్తును ఆపేది అదే. యంత్రం చల్లారాక మీటను నొక్కితే మళ్ళీ నడుస్తుంది. మోటారు తిరుగుతున్నా బ్లేడు తిరగకపోతే, రెండింటినీ కలిపే కప్లర్ అరిగిపోయి ఉండవచ్చు. అది చవకగా దొరికే భాగం. ఈ మాత్రం తెలియనందువల్ల ఎన్ని మంచి యంత్రాలు పాత సామాన్ల వారి బండి ఎక్కుతున్నాయో!

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 1929లో మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించినప్పుడు, గాంధీజీ చొరవతో సాగిన అఖిల భారత చరఖా సంఘం కొన్ని షరతులు విధించింది. ధర 150 రూపాయలు మించరాదు. యంత్రం కనీసం ఇరవై ఏళ్ళు పనిచేయాలి. ఏటా దాని నిర్వహణకయ్యే ఖర్చు ధరలో 5 శాతం దాటరాదు. వాడుకరి స్వాతంత్ర్యం యంత్ర నిర్మాణంలోనే ఇమిడి ఉండాలన్నది ఆ షరతుల అంతరార్థం.

ఎవరికి వారే బాగుచేసుకుంటే వృత్తిదారుల పొట్ట కొట్టినట్లు కాదా అన్న ఆక్షేపణ సహేతుకమే. గిన్నెలకు మాట్లు వేసేవారూ, తిరగళ్ళకు గంట్లు పెట్టేవారూ మన వీధుల నుండి దాదాపు కనుమరుగయ్యారు. అయితే వారిని తరిమినది గృహస్థుని స్వయంకృషి కాదు, పారవేసే అలవాటు. పైగా యంత్రాన్ని విప్పి చూసిన వానికి తన హద్దు తెలుస్తుంది. ప్లగ్గు తీయకుండా చేయి పెట్టటం అవివేకమనీ, కాలిన మోటారుకు వైండింగు చుట్టటం నేర్పరి చేయవలసిన పని అనీ గ్రహిస్తాడు. ఆ నేర్పరి కూలి అడిగినప్పుడు గీచి గీచి బేరమాడడు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ కోసం 2022 జులైలో ఒక కమిటీని నియమించి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాలూ, సమాచారమూ కొన్నవారికి అందాలన్నది దాని ఆశయం. విప్పటానికి వీలులేకుండా అతికించిన వస్తువుల కాలంలో ఇది అవసరమే. కాని ప్రభుత్వం హక్కును ఇవ్వగలదే గాని, తెలుసుకోవాలన్న కోరికను ఇవ్వలేదు. వస్తువు పనిచేస్తున్నంత కాలం అందరూ యజమానులే. అది ఆగిన నాడు, ఎందుకు ఆగిందని అడిగినవాడే నిజమైన యజమాని.